నాన్న ఎక్కడ దిగాలి?

తప్పు నాదే. ఊరుకున్నంత ఉత్తమం లేదని తెలిసి కూడా, ప్రగతి మైదాన్‌లో కొత్తగా తెరిచిన ఆటల పార్కు గురించి ఊళ్లో ఉన్న మా చెల్లెళ్లిద్దరికీ ఆరు పేజీల ఉత్తరం రాశాను. జెయింట్ వీల్ ఎక్కితే సగం ఢిల్లీ కనిపిస్తుందని, గుట్టల మీద నుంచి దూకినట్టు పరిగెత్తే బండిలో మా ఆయన కళ్లు మూసుకుని ఆంజనేయ దండకం చదివాడని, నేను మాత్రం చెక్కుచెదరలేదని రాశాను. ఆ ఆఖరి మాట అబద్ధం. బండి దిగాక చెట్టు పట్టుకుని ఐదు నిమిషాలు నిలబడ్డాను.

అది ఎనభైల నడిమి మాట. మా ఆయన పటాలంలో హవల్దారు. ఆఫీసులో కాగితాల పని. పెళ్లయిన రెండేళ్లకు ఢిల్లీ కంటోన్మెంటులో మాకు క్వార్టరు దొరికింది. రెండు గదులు, ఒక వంటిల్లు, వెనకాల మంచం పట్టేంత పెరడు. పాత చీరలు చింపి కిటికీలకు తెరలు కుట్టాను. పెరట్లో గోంగూర వేశాను. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. నా ఇష్టం వచ్చిన చోట ఉప్పు డబ్బా పెట్టుకోగలిగిన వంటిల్లు నాకదే మొదటిది. దాన్ని మా నాన్నకు చూపించాలని, ఆయన నా వంటింటి గుమ్మం పక్కన పీట వేసుకుని నా చేతి అన్నం తినాలని నాకు చెప్పలేనంత కోరికగా ఉండేది.

పది రోజుల్లో నాన్న దగ్గర్నుంచి కార్డు వచ్చింది. నాన్న ప్యాసింజరు బళ్లు తప్ప మరేవీ ఆగని చిన్న ఊరికి స్టేషను మాస్టరు. కూరలో ఉప్పు తక్కువైనా నంబర్లు వేసి చెప్పే మనిషి. “ఒకటి: దసరా సెలవులకు నేను, మీ అమ్మ, పిల్లలిద్దరు ఆటల పార్కు చూడటానికి వస్తున్నాము. రెండు: రైలు పాసు రాయించాను. మూడు: స్టేషనులోనే రిటైరింగ్ రూములో దిగుతాము. నువ్వూ అల్లుడుగారూ అక్కడికి వచ్చి మమ్మల్ని కలవవచ్చు.”

కలవవచ్చట! ఆ కార్డు చదివి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

కారణం నాకు తెలియక కాదు. మా వైపు కొన్ని ఇళ్లల్లో ఒక పట్టింపు ఉండేది. కూతురికి బిడ్డ పుట్టేదాకా కన్నవాళ్లు ఆ ఇంట్లో అన్నం ముట్టరు, రాత్రి పడుకోరు. మా నాయనమ్మ ఆ పట్టింపును ప్రాణంలా పాటించింది. ఆవిడ పోయినా పట్టింపు పోలేదు. నాకేమో ఇంకా ఒళ్లో బిడ్డ పడలేదు. దాంతో రెండు రాత్రులు రైల్లో వచ్చే మా నాన్న, కూతురు ఉన్న ఊళ్లో స్టేషను గదిలో పడుకుంటాడు. మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అన్నారా?

నా గోడు చెప్పుకుందామని పక్క క్వార్టరు ఆంటీ దగ్గరికి వెళ్లాను. ఆవిడది పంజాబు. నాకు హిందీ నేర్పింది, రొట్టె గుండ్రంగా రావడం నేర్పింది. అయ్యో పాపం అంటుందని ఆశపడ్డాను. అంతా విని, “బిల్కుల్ సహీ బాత్ హై” అని, అదే సరైన పద్ధతన్నట్టు తల ఊపింది. “మా పితాజీ అయితే నా ఇంట్లోనే కాదు, మా అత్తగారి ఊరి బావి నీళ్లు కూడా తాగడు బేటీ. కుండలో నీళ్లు తెచ్చుకుంటాడు. తుమ్హారే పితాజీ బడే అచ్ఛే ఆద్మీ హై” అని మెచ్చుకుంది కూడా. ఇంటికొచ్చి గిన్నెలన్నీ చప్పుడయ్యేలా తోమాను.

సరే, ముల్లును ముల్లుతోనే తీయాలని ఉత్తరాల యుద్ధం మొదలుపెట్టాను. దసరా రద్దీకి రిటైరింగ్ రూములు దొరకవని రాశాను. అది నిజమే కూడా. నాన్న వెంటనే, “ఒకటి: అయితే స్టేషను దగ్గర లాడ్జి చూడండి” అని రాశాడు. రెండు అనేది లేదు. మా ఆయన పహాడ్‌గంజ్ వెళ్లి ఓ లాడ్జి చూసొచ్చాడు. గదికి కిటికీ ఉందట గానీ, అది తీస్తే ఎదురుగా గోడ ఉందట. “పక్క గదిలో వాళ్లు కలలు కన్నా మనకు వినిపిస్తాయే” అన్నాడు. ఆ మాట ఉన్నదున్నట్టు రాసి, ఎదిగే ఆడపిల్లలతో అక్కడెలా ఉంటావు నాన్నా అని చివర ఓ కన్నీటి చుక్కలాంటి వాక్యం తగిలించాను.

నాన్న చలించలేదు. మా ఊరి కుర్రవాడొకడు బేర్ సరాయ్‌లో గది తీసుకుని కలెక్టరు పరీక్షలకు చదువుతున్నాడని ఆయనకెవరో చెప్పారట. అతన్ని అడగమన్నాడు. అడిగాం. అతను మహా మర్యాదస్థుడు. “తప్పకుండా రమ్మనండి అక్కా. నలుగురూ పడుకోవచ్చు. కాకపోతే ముందు నేనూ, నా రూమ్మేటూ, పుస్తకాలూ బయటికి రావాలి. తలుపు మాత్రం కాళ్లు ముడుచుకుంటేనే పడుతుంది” అన్నాడు. ఆ కుర్రవాడు ఇప్పుడు ఎక్కడ ఏ జిల్లా ఏలుతున్నాడో గానీ, నిజం చెప్పే అలవాటు మాత్రం అప్పటికి ఉంది.

దసరా పది రోజుల్లో పడింది. నాన్న దిగే చోటు తేలలేదు. తేలకపోతే పాసు తిప్పి ఇచ్చేస్తానని రాశాడు. చెల్లెళ్లు విడిగా ఓ ఉత్తరం రాశారు. “అక్కా, నువ్వు ఎలాగోలా ఎక్కడో అక్కడ పెట్టు, లేకపోతే మేము చచ్చిపోతాం” అని. చిన్నది చివర ఏడుస్తున్న మొహం బొమ్మ వేసింది.

ఆ రోజు నేను వంటింట్లో కూర్చుని, “ఇంత ఇల్లుండగా మా నాన్నకు చోటు లేదా” అని ఏడుస్తుంటే మా ఆయన ఓదార్చడానికి వచ్చి, ఆయన తరహాలో ఓదార్చాడు. “ఊరుకోవోయ్. ఇది మాత్రం మనిల్లేంటి? రేపు ట్రాన్స్‌ఫర్ అంటే తాళం చేతిలో పెట్టి పోవాల్సిందేగా. సర్కారుది.”

అంతే. ఏడుపు ఆపి ట్రంకుపెట్టె తెరిచాను. క్వార్టరు అలాట్‌మెంటు కాగితం తీసి, దాన్లో ఇంగ్లీషులో ఏముందో మా ఆయన చేత చదివించి, మక్కికి మక్కి కాపీ చేశాను. కింద రాశాను: “నాన్నా, ఒకటి: ఈ ఇల్లు మాది కాదు. సర్కారుది. రెండు: ఇందులో మాకు ఏ హక్కూ లేదు. కాగితం జత చేశాను. మూడు: బియ్యం, పప్పు కూడా పటాలం రేషనే, కాబట్టి అవీ మావి కావు. నాలుగు: నీకు ఇబ్బందైతే బియ్యం తెచ్చుకో.” నాన్నకు నాన్న భాషలోనే బదులిచ్చానని మురిసిపోయాను. మా ఆయన చదివి, “లాయరు కావాల్సిన దానివి, నా ఖర్మ కొద్దీ నాకు పెళ్లామయ్యావు” అన్నాడు.

టెలిగ్రాం వచ్చింది. నియమం ప్రకారం సరే, వస్తున్నాం అని. క్వార్టరంతా గెంతాను.

నలుగురూ దిగారు. అమ్మ చేతిలో బియ్యం మూట, పప్పు మూట, నూనె డబ్బా, ఆఖరికి చింతపండు కూడా. నాన్న గుమ్మం బయట ఆగి, గోడ మీద రంగుతో వేసిన క్వార్టరు నంబరు చూసి, తృప్తిగా తల ఊపి, అప్పుడు లోపల అడుగు పెట్టాడు. కూర్చోగానే, “రిజిస్టరు ఏదీ?” అన్నాడు. ఏం రిజిస్టరని అడిగితే, సర్కారు బసలో దిగినవాళ్లు పేరు రాయకుండా ఎలా ఉంటారన్నాడు. చేసేది లేక ఓ నోటుపుస్తకం ఇచ్చాను. పేర్లు, వచ్చిన రోజు, వచ్చిన పని అన్నీ రాశాడు. వచ్చిన పని దగ్గర “ఆటల పార్కు” అని ఉంది. చిన్న చెల్లెలు పక్కనే నిలబడి, “మరి ఇన్‌ఛార్జి ఎవరు నాన్నా?” అంటే, “మీ అక్క” అన్నాడు గంభీరంగా. అందరం పడి పడి నవ్వాం. ఇన్‌ఛార్జికి జీతం లేదన్నాను. సర్కారుకి అర్జీ పెట్టుకోమన్నాడు.

ఆ సరదా మర్నాటి ఉదయం దాకానే. పక్కింటి ఆంటీ పాల తోడుకి మజ్జిగ అడగడానికి వచ్చింది. నాన్న వరండాలో కూర్చుని బియ్యపు రవ్వ ఉప్మా తింటున్నాడు. ఆవిడ నోటి మీద చెయ్యి వేసుకుంది. “భాయ్‌సాబ్, బేటీ కే ఘర్ ఖా రహే హో?” అంది, కూతురింట్లో తినడమా అన్నట్టు. నాన్నకు స్టేషన్లో నేర్చిన హిందీ ఉంది. ప్లేటు పక్కన పెట్టి, బండి ఆలస్యం గురించి ప్రకటన చేస్తున్నట్టు చెప్పాడు. “నహీ జీ. ఏ సర్కార్ కా ఘర్ హై. చావల్ హమారా హై. బేటీ కా ఇధర్ కుఛ్ నహీ హై.”

ఆంటీ “అచ్ఛా, ఠీక్ హై” అని ఊపిరి పీల్చుకుని వెళ్లిపోయింది. నేను వంటింట్లో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇల్లు సర్కారుదట, బియ్యం వాళ్లవట, ఇక్కడ కూతురిదేమీ లేదట. ఆ మాట ఆయన కొత్తగా పుట్టించలేదు, నేనే నా చేత్తో రాసి, సంతకం పెట్టి, స్టాంపు అంటించి పంపాను. కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక పోపు మాడ్చాను.

ఆ రోజే పార్కు. చెల్లెళ్లు అన్నీ ఎక్కారు, ఎక్కినవే మళ్లీ ఎక్కారు. మా ఆయన ఈసారి కూడా దండకం చదివాడు. అమ్మ ఒక బల్ల చూసుకుని పులిహోర డబ్బాకి కాపలా కూర్చుంది. నాన్న పిల్లల రైలు దగ్గర పాతుకుపోయాడు. సిగ్నలు లేకుండా బండి ఎలా వదులుతున్నావని ఆ డ్రైవరును నిలదీశాడు. “అరే భయ్యా, గుండ్రంగానే కదా తిరుగుతుంది” అని అతను మొత్తుకుంటున్నా, గుండ్రంగా తిరిగినా బండి బండేనని వాదించాడు. పచ్చజెండా లేకపోతే కనీసం చేతిరుమాలైనా ఊపమన్నాడు. ఆ డ్రైవరు రెండు ట్రిప్పులు రుమాలు ఊపాడు కూడా. చుట్టూ జనం చప్పట్లు. నేను మాత్రం నవ్వలేదు.

సాయంత్రం జెయింట్ వీల్. జంటలు జంటలుగా కూర్చోమన్నారు. చెల్లెళ్లిద్దరూ ఒక దాంట్లో దూరారు. అమ్మ రానంది, ఆవిడకి తోడుగా మా ఆయన కింద ఉండిపోయాడు. నాన్నా నేనూ మిగిలాం. మా తొట్టి సరిగ్గా పైకి చేరగానే, కింద మనుషుల్ని ఎక్కించుకోవడానికి చక్రం ఆగింది. గాలికి తొట్టి ఊగుతోంది. నాన్న కడ్డీని రెండు చేతులా పట్టుకుని, ధైర్యంగా ఉన్నట్టు నటిస్తూ, “అమ్మాయ్, మీ ఇల్లు ఎటు వైపే?” అన్నాడు.

“మాకిల్లెక్కడిది నాన్నా?” అన్నాను. “పొద్దున్న నువ్వే చెప్పావుగా ఆంటీకి. కూతురిదిక్కడ ఏమీ లేదని.”

అని ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. “నువ్వొక్క పూట నా ఇంట్లో తింటావని, అది నా ఇల్లు కాదని నేనే రాసుకోవాల్సి వచ్చింది. ఆ తెరలు నేను కుట్టాను. ఆ గోంగూర నేను వేశాను. రెండేళ్లయినా బిడ్డ పుట్టలేదని నాకుండే దిగులు నాకుంది, దానికి తోడు నువ్వు మూట కట్టుకుని బియ్యం తెచ్చుకున్నావు. రమ్మన్నది నేనే, తెచ్చుకోమన్నదీ నేనే. అయినా నువ్వు తెచ్చావు చూడు!” అని బావురుమన్నాను. ఎక్కడికీ దిగి పోలేడు పాపం, అంత ఎత్తున. నాన్న ఒక చెయ్యి కడ్డీ మీంచి తీసి నా చేతి మీద వేశాడు. చక్రం తిరిగి కిందికి వచ్చేదాకా తీయలేదు.

బస్సులో అందరూ కునికిపాట్లు పడ్డారు. నాన్న పడలేదు. క్వార్టరు చేరాక ఆయన లోపలికి రాలేదు, కాళ్లు కడుక్కోలేదు. తిన్నగా పోయి పక్కింటి తలుపు తట్టాడు. ఏమైందోనని మేమంతా వెనకాలే చేరాం.

ఆంటీ తలుపు తీసింది. “బెహన్‌జీ, సుబహ్ మైనే గలత్ బోలా,” అన్నాడు నాన్న. “ఏ సర్కార్ కా ఘర్ నహీ హై. మేరీ బేటీ కా ఘర్ హై. మై బేటీ కే ఘర్ మే ఖాతా హై. ఇధర్ హీ సోతా హై.” పొద్దున్న తప్పు చెప్పాడట, ఇది కూతురిల్లేనట, ఇక్కడే తింటాడట, ఇక్కడే పడుకుంటాడట.

“హాయ్ రబ్బా!” అంది ఆంటీ, ఒకసారి నా వైపూ, ఒకసారి నాన్న వైపూ చూస్తూ.

అమ్మ నాన్న చొక్కా పట్టుకు లాగింది. “ఏవండీ, ఏమిటిది? అమ్మాయికింకా కడుపు పండందే అలా అనేస్తారేమిటి? మనవడు పుట్టాక వచ్చి కమ్మగా తిందురుగా!”

“మనవడు పుట్టాక తింటే అది మనవడిల్లే,” అన్నాడు నాన్న. “నాకు కూతురింట్లో తినాలనుంది.”

ఆ పూట నేను మా డబ్బాలో బియ్యం పోసి వండాను. నాన్న పీట మీద కూర్చున్నాడు. మూడుసార్లు మారు వడ్డించాను, ఒక్కసారి కూడా చాలనలేదు. ఏడుస్తూనే వడ్డించాను. అదీ చూశాడు. చూసి, ఇంకొంచెం పప్పు వెయ్యమన్నాడు.