నూనె మానేసిన డ్రైవరు

అన్న గుండెపోటుతో చనిపోయిన ఏడాది సిటీ బస్సు డ్రైవరు తన రక్తం పరీక్ష చేయించుకున్నాడు. కొలెస్ట్రాల్ కాస్త ఎక్కువే ఉంది. వేపుళ్లు తగ్గించమన్నాడు డాక్టరు. తగ్గించడం అతనికి చేతకాదు, మానేయడమే వచ్చు. నూనె, వెన్న, పచ్చసొన, చేప, గింజలు ఒకదాని వెనక ఒకటి వంటగది గడప దాటాయి. ఉడకబెట్టిన కూరముక్కలూ ఎండు రొట్టే మిగిలాయి.

పరీక్ష చేయించినప్పుడల్లా అంకె దిగుతూ వచ్చింది. బడిలో ఎన్నడూ వెనకబెంచీ వదలని మనిషి, ఇక్కడ క్లాసు ఫస్టు. డిపోలో అందరూ భుజం తట్టారు. నోరు కట్టుకున్నవాడంటే జనానికి ఎక్కడలేని భక్తి. ఆ మహానుభావుడు రాత్రి నిద్రపోతున్నాడా, ఎవరితోనైనా మాట్లాడుతున్నాడా అని మాత్రం ఎవరూ అడగరు.

మొదట కాంటీన్ బల్ల దగ్గరికి వెళ్లడం మానేశాడు. పక్కవాళ్ల పళ్లేల్లోంచి తాలింపు వాసన కొడుతుంటే తన డబ్బా మూత తీయబుద్ధయ్యేది కాదు. ఆగిన బస్సులో స్టీరింగు ముందు కూర్చుని తినేవాడు. పెళ్లయి వెళ్లిన కూతురు ఫోన్ చేస్తే "బానే ఉన్నానమ్మా" అని పెట్టేసేవాడు. తెల్లారకముందే మెలకువ, పొద్దస్తమానం చిరాకు.

ఇక మిగిలింది కండక్టరమ్మ. ఏళ్లుగా ఇద్దరిదీ ఒకే బస్సు.

"గుంటలు చూసి పోనీయన్నా, నా నడుం ఊడి చేతికొచ్చేట్టుంది" అని ఆవిడ వెనకనుంచి అరిచేది.

"గుంటలు నేను తవ్వానా తల్లీ" అని ఇతను.

రోజంతా అదే కాలక్షేపం. ఈమధ్య ఆవిడ ఎంత అరిచినా ముందునుంచి ఉలుకూ పలుకూ లేదు.

ఒక మధ్యాహ్నం ఒక ముసలమ్మ కర్ర పట్టుకుని మెట్టెక్కుతోంది. కండక్టరమ్మ ఇంకా రైట్ అనలేదు. ఆ కాస్త ఆలస్యం ఎందుకు భరించలేకపోయాడో, క్లచ్ వదిలేశాడు. కండక్టరమ్మ రెక్క పట్టి లోపలికి లాగకపోతే ముసలమ్మ చక్రం కింద ఉండేది.

సాయంత్రం కండక్టరమ్మ అతని సీటు పక్కన నిలబడింది.

"డ్యూటీ మార్చమని అడిగానన్నా."

"నామీద ఫిర్యాదు చేశావా?"

"జరిగింది చెప్పాను. నువ్వు ఇదివరకటి మనిషివి కాదు. నీ వెనక కూర్చోవడానికి భయమేస్తోంది. ఎవరైనా డాక్టరుకి చూపించుకో."

ఆవిడ కూడా పోతే ఆ బస్సులో తనను పలకరించేవాళ్లు ఉండరు. అందుకే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లాడు, ఆరోగ్యం కోసం కాదు. డాక్టరమ్మ చేతిలో రిపోర్టు గర్వంగానే పెట్టాడు. ఆవిడ అంకె చూసి, మొహం చూసింది.

"నిద్ర పడుతోందా?"

అంతే, ఏడాది సంగతంతా బయటికొచ్చింది.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. "కొలెస్ట్రాల్ పూర్తిగా శత్రువేం కాదండీ. మెదడులో కణాల పొరలకి అది కావాలి. మనసుని నిలకడగా ఉంచే రసాయనాల్లో సెరటోనిన్ ఒకటి. దాన్ని అందుకునే తలుపులు ఆ పొరల్లోనే ఉంటాయి. కొలెస్ట్రాల్ మరీ తగ్గిపోతే ఆ తలుపులు సరిగా తెరుచుకోవేమోనని కొందరి అనుమానం. అందరూ ఒప్పుకోలేదు. మెదడు తనకి కావలసింది తనే తయారు చేసుకుంటుంది కూడా."

"అయితే నాకొచ్చింది అదేనా?"

"చెప్పలేను. తిండి చాలకో, ఒంటరిగా తినో, అన్నగారు పోయిన దిగులో. విడదీసి చూపించే పరీక్ష నా దగ్గర లేదు. మితంగా అన్నీ తినండి. దిగులుకి మందు రాస్తున్నాను. తగ్గేదాకా బస్సు నడపొద్దు."

"నూనె తింటే మా కండక్టరమ్మ ఉండిపోతుందా?"

"అది ఆవిణ్ణే అడగాలి" అంది డాక్టరమ్మ. నవ్వలేదు.

మర్నాడు కాంటీన్‌లో పళ్లెం పట్టుకుని వెళ్లి కండక్టరమ్మ ఎదురుగా కూర్చున్నాడు.

"సెలవు పెట్టాను. మందు వాడుతున్నా. డ్యూటీ మార్చమన్న ఆ కాగితం వెనక్కి తీసుకుంటావా?"

ఆవిడ ముద్ద మింగి నీళ్లు తాగింది.

"తీసుకోనన్నా. నువ్వు బాగుపడాలి, అది వేరే సంగతి. ఆ ముసలమ్మ నా చేతిలోంచి జారిపోయినట్టు కలలొస్తున్నాయి."

అతను తలూపాడు. కోపం కూడా రాలేదు.

ఆవిడ చెయ్యి కడుక్కుని వచ్చి, కూర్చోకుండా నిలబడింది. "రేపూ ఇక్కడే తింటావా?"

"సెలవులో ఉంటా కదా."

"తిండికి డ్యూటీ ఎందుకు? మధ్యాహ్నం ఇక్కడే ఉంటాను. రాకపోతే మాత్రం ఎందుకు రాలేదని అడగను."

కొత్త బస్సు వైపు వెళ్లిపోయింది. అతను తింటూ కూర్చున్నాడు. రేపు రావడానికి కాళ్లు సాగుతాయో లేదో అతనికే తెలియదు.