ఊరికే బిర్యానీ ఎవరు పెడతారు?

ఇదొక మహాగాథ. ఇందులో కీకారణ్యం ఉంది, గోదావరి ఉంది, కుట్ర ఉంది, ఒక వీరవనిత తిరుగుబాటు ఉంది, బలి కూడా ఉంది.

ఇలా మొదలుపెడితే బాగుంటుందని చాలాసేపు అనుకున్నాను. కానీ ఆ కీకారణ్యం బస్సు కిటికీలోంచి కనిపించేదే, గోదావరి మా ఊరి వైపు రాదు, బలైనవి బిర్యానీలోకి పోయిన కోళ్లు. ఇవన్నీ తీసేస్తే మిగిలేది ఒక్కటే: ఇంటి నుంచి పని చేయడానికి అలవాటుపడ్డ కొందరు ఉద్యోగులు ఖమ్మంలో ఒక చెప్పుల షాపు పైనున్న రెండో అంతస్తుకు తిరిగి వెళ్లడం. కుట్ర ఉందని మాత్రం మేమందరం మనస్ఫూర్తిగా నమ్మాం.

మా ఆఫీసు పని అమెరికా ఆసుపత్రుల బిల్లులు సరిచూడటం. అక్కడెవరో మోకాలికి ఆపరేషన్ చేయించుకుంటే, ఆ బిల్లును బీమా కంపెనీ కట్టేలా కాగితాలు సర్దే బాధ్యత, భద్రాచలం దారిలో అడవి అంచునున్న మా ఇంటి వసారాలో కూర్చున్న నాది. కరోనా వచ్చినప్పుడు మమ్మల్ని ఇళ్లకు పంపారు. ఆ తర్వాత లోకం కరోనాను మరిచిపోయింది, ఆఫీసు మమ్మల్ని మరిచిపోయింది.

ఆ కాలమంతా నన్ను నమ్మిన మనిషి లేడు. నా కొలువు పోయిందని ఊళ్లో ఒక అభిప్రాయం స్థిరపడింది. పొద్దంతా ఇంట్లో కూర్చొని, చెవులకు ఏదో తగిలించుకొని, ఒక్కడే ఇంగ్లీషులో మాట్లాడుకునేవాడి గురించి అంతకంటే మర్యాదగా అనుకోవడం కష్టం. పక్కింటి పెద్దమ్మ అయితే నేను వింటుండగానే మా అమ్మను అడిగింది.

"పోరడు మంచిగనే ఉన్నడా? దవాఖానాల ఏమన్న చూపెట్టిన్రా?"

"వాడు కొలువు చేస్తుండక్కా," అంది అమ్మ.

"అవ్, చేస్తుండు. గిట్ల ఇంట్ల కూసోని చేసే కొలువు మా ముసలాయన పెండ్లైనప్పటి సంది చేస్తుండు."

అమ్మ నా పక్షాన నిలబడిందని పొంగిపోయాను. అంతలో మబ్బు పట్టింది. కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. "ఊకెనే ఉన్నవ్ గద, జల్దీ వచ్చి పట్టా కప్పు," అని అదే అమ్మ కేకేసింది. నేను మీటింగ్‌లో ఉన్నాను. మైక్ తెరిచే ఉంది. ఊకెనే ఉన్నానన్న సంగతి మేనేజర్ కూడా విన్నాడు.

ఆయన అనుమానం ఇంకో రకం. మిరప ఘాటుకు తుమ్మితే కరోనానా అని అడిగేవాడు, తుమ్మకపోతే నిద్రపోయావా అని అడిగేవాడు. కంప్యూటర్‌లో మా పేర్ల పక్కన ఒక పచ్చ చుక్క ఉండేది. కాసేపు మౌస్ కదలకపోతే అది పసుపయ్యేది. పసుపైన వెంటనే ఫోన్ మోగేది. వరదప్పుడు భద్రాచలం దగ్గర నీటిమట్టాన్ని కూడా అంత శ్రద్ధగా ఎవరూ చూసి ఉండరు.

అందుకే ఇక ఆఫీసుకు రమ్మని మెయిల్ రాగానే నాలో సగం సంతోషించింది. పొద్దున్నే బ్యాగు తగిలించుకొని రోడ్డు మీద నిలబడితే కొలువు ఉన్నట్టు ఊరికి సాక్ష్యం దొరుకుతుంది. పట్టాలు కప్పే పని కూడా తప్పుతుంది. మిగతా సగం మాత్రం మెయిల్ చివరి వాక్యం దగ్గర ఆగిపోయింది. మొదటి రోజు మధ్యాహ్నం అందరికీ బిర్యానీ.

ఆ ఆఫీసు అంతకుముందు మాకు పెట్టింది టీ ఒక్కటే, అది కూడా దగ్గుమందు పోసే మూతంత కప్పులో. మా అందరిలో సీనియర్ అయిన మధిర అన్నకు ఫోన్ చేశాను.

"ఊరికే బిర్యానీ ఎవరు పెడతారు చెప్పు?" అన్నాడాయన. "ఉద్యోగంలోంచి తీసేయాల్సినవాళ్లని ముందు ఒకచోటికి చేర్చాలి కదా. విడివిడిగా తీసేస్తే ఎవరికి మాత్రం ఓపిక?"

ఆ మొదటి రోజు ఉదయం బస్సులో, కిటికీ పక్కన కూర్చున్న ఒకామె ఉచిత టికెట్ కోసం చూపించిన ఆధార్ కార్డును కండక్టర్ అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"ఈ ఫోటో మీదేనా అమ్మా?"

"నాదే అన్నా. గప్పుడు జరమొచ్చి ఉన్న. గిప్పుడు మంచిగైన."

ఆ గొంతు వినగానే నా నోటి వెంట "హలో, వినిపిస్తుందా?" అని వచ్చేసింది. ఆమె గిరుక్కున తిరిగింది. మా టీంలో పనిచేసే అక్క. భద్రాచలంలో ఉంటుంది. ఉద్యోగంలో చేరిందే కరోనాలో కాబట్టి ఆఫీసు ముఖం ఎప్పుడూ చూడలేదు. మా ఊరి సిగ్నల్‌కు వీడియో దండగని నేను కెమెరా తెరవను కాబట్టి నా ముఖమూ చూడలేదు.

"నువ్వేనా? గొంతు ఇని లావుగ ఉంటవనుకున్న," అంది.

బిర్యానీ సంగతి ఎత్తాను. ఆమె నవ్వు ఆగింది.

"రోజూ రమ్మంటే ఏం జేస్తవక్కా?"

"ఏం జేస్త, మానేసుడే. దినమంత బస్సులనే పోతది. చీకట్ల ఎల్లి చీకట్ల ఇల్లు చేరాలె. ఆయనకు ఫ్యాక్టరీల షిఫ్టులు. నా బిడ్డ నన్ను ఆదివారం చర్చిల చూసి గుర్తుపట్టాలె." ఆధార్ కార్డును పర్సులో పెట్టుకుంటూ మళ్లీ అంది. "ఈ కొలువు నాకు ఇష్టం తమ్ముడూ. బిడ్డను ఒళ్లె పండవెట్టుకొని నేర్చుకున్న."

"అయితే ఇయ్యాల్నే అడుగు."

"అడుగుత. గని ముందు వాళ్ల మనసుల ఏముందో తెల్వాలె. తొందరపడి అడిగితే నా పేరే ముందల రాసుకుంటరు."

ఆఫీసు గుమ్మానికి బంతిపూల దండ కట్టి ఉంది. లోపలికి రాగానే బొట్టు పెట్టారు, పన్నీరు చల్లారు. నీటి క్యాన్ దగ్గర నిలబడి ఇదంతా గమనిస్తున్న మధిర అన్న మమ్మల్ని పక్కకు లాగాడు.

"చూశారా? మేక పద్ధతి."

మా వైపు అమ్మవారికి మేకను కోసే ముందు దాని మీద పసుపు నీళ్లు చల్లి ఆగుతారు. మేక ఒళ్లు దులుపుకుంటే ఒప్పుకున్నట్టు. నీళ్లు పడితే ఏ మేకైనా దులుపుకుంటుందన్న సంగతి ఆ సమయంలో ఎవరూ లేవనెత్తరు.

"ఇప్పుడు మేనేజర్ మాట్లాడతాడు," అన్నాడు అన్న. "చప్పట్లు కొట్టారా, తలూపారా, ఒప్పుకున్నట్టే. ఒక్కళ్లు కూడా కదలొద్దు. అందరికీ చెప్పాను."

"మాకు ఈ మేకల సంగతి తెల్వదు గని అన్నా, ఊపకపోతే కొయ్యరా?" అంది అక్క.

"ఊపేదాకా ఆగుతారు."

"మళ్ల నీళ్లు చల్లుతరేమో."

మేనేజర్ వచ్చాడు. "మనమంతా ఒక ఫ్యామిలీ," అన్నాడు. అనుమానం బలపడింది. చప్పట్ల కోసం ఆగాడు. ఎవరూ కదల్లేదు. "మైక్ వినిపిస్తోందా?" అన్నాడు. దానికీ ఎవరూ తలూపలేదు. పాపం, ఆయన మైక్‌ను వేలితో కొట్టి చూసుకున్నాడు.

"సరే. రేపటి నుంచి అందరం రోజూ ఇక్కడే. ఎవరికైనా ప్రాబ్లం ఉంటే ఇప్పుడే చెప్పండి."

మేము రాళ్లలా కూర్చున్నాం. అన్న ముఖంలో గర్వం.

"గుడ్. అయితే ఎవరికీ ప్రాబ్లం లేదు," అన్నాడు మేనేజర్.

కదలని మేకను కూడా కోస్తారన్న సంగతి మా ప్రణాళికలో లేదు.

అప్పుడు అక్క లేచింది. కొంగు నడుముకు దోపుకుంది.

"నాకున్నది సార్."

"ఇన్నాళ్లూ చెప్పలేదే?"

"మీరు ఇయ్యాల్నే గద అడిగిన్రు. నాది భద్రాచలం సార్. గోదారి మా వీధిలకు వచ్చిన ఏడు గూడ డాబా మీద కూసోని చేసిన, ఒక్క ఫైలు ఆగలె. రోజూ రమ్మంటే నాతోని కాదు. తీసేస్తరా, తియ్యుండ్రి. నా అంతట నేనే మానేసిన్నని మాత్రం రాయకుండ్రి."

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. ఇప్పుడు కొడితే దేనికి ఒప్పుకున్నట్టో తేలక చేతులు ముడుచుకున్నాను.

మేనేజర్ నీళ్లు తాగాడు. "చూద్దాం. లంచ్ తర్వాత మాట్లాడదాం," అన్నాడు. చూద్దాం అన్నవాళ్లు చూసిన దాఖలా ఆ ఆఫీసులో లేదు.

బిర్యానీ వచ్చింది. అనుమానంతో తిన్నా బాగానే ఉంది. అక్క మాత్రం ప్లేటు ముట్టకుండా కూర్చుంది. కాసేపటికి తనే తేరుకొని, "తినకుంటే ఏమన్న కొలువుల ఉంచుతరా? అన్నా, ముక్క చూసి వెయ్యి," అని వడ్డించేవాణ్ని పిలిచింది.

తిన్నాక అందరం ఆఫీసు కంప్యూటర్లు ఆన్ చేసుకున్నాం. ఏసీలు వేశారు. కొద్దిసేపటికి ఏదో కీచుమంది, ఒక్కసారిగా తెరలన్నీ నల్లగా అయిపోయాయి.

"మొదలైంది," అన్నాడు అన్న గొంతు తగ్గించి. "లాగిన్లు తీసేస్తున్నారు."

అక్క నా చేయి పట్టుకుంది. "నాతోనే మొదలువెట్టిన్రా?"

"అందరివీ పోయినయక్కా," అన్నాను. ఇది ధైర్యం చెప్పినట్టో భయపెట్టినట్టో నాకే అర్థం కాలేదు. ఆగిపోయిన ఫ్యాన్ల లాగిన్ ఎందుకు తీశారన్న ప్రశ్న మాకు చాలా ఆలస్యంగా తట్టింది.

మేనేజర్ ఫోన్ లైటు వేసుకొని వెనక గదిలోకి వెళ్లాడు. ఎలక్ట్రీషియన్ వచ్చాడు. సాయంత్రానికి ఇద్దరూ చెమటలతో బయటికి వచ్చారు.

"దూరం నుంచి వచ్చేవాళ్లు రేపటి నుంచి ఇంటి దగ్గరే చేసుకోండి," అన్నాడు మేనేజర్. "భద్రాచలం వైపు వాళ్లు సోమవారాలు వస్తే చాలు."

అందరం అక్క వైపు తిరిగాం. ఆమె కళ్లు తుడుచుకుంటోంది. "చూసినవా తమ్ముడూ, నోరు దెరిచి అడిగితే ఎవ్వలైన ఇంటరు," అంది.

మేనేజర్ మాట ఇంకా పూర్తి కాలేదు. కరెంటు పోతే మా ఇన్వర్టర్ సగం కంప్యూటర్లను కూడా మోయడం లేదట. కొత్త బ్యాటరీలు విజయవాడ నుంచి రావాలట. అవి వచ్చేదాకానే ఈ ఏర్పాటు.

అవి ఇంకా రాలేదు. అక్క ఇంకా ఉద్యోగంలోనే ఉంది. పాత బ్యాటరీలు పాడవడానికి కారణం, ఆఫీసు మూసినప్పటి నుంచి వాటిలో ఎవరూ నీళ్లు పోయకపోవడం. ఇన్వర్టర్ బ్యాటరీలో రెండు మూడు నెలలకోసారి డిస్టిల్డ్ వాటర్ పోయాలి.