మనిషిచూపు పిట్ట

మా మేనత్త పోయింది. రోహిణి కార్తెలో, మిట్టమధ్యాహ్నం, కోసపాళయంలోని మా ఇంటి వసారాలో నడుం వాల్చింది, మళ్లీ లేవలేదు. ఆ వేళకు నేను ఫ్రెంచి దొరల కచేరీలో కాగితాలకు నకళ్లు రాస్తున్నాను. మా తమ్ముడు వచ్చి గడప బయటే నిలబడి, "అన్నా, ఇంటికి రా. అత్త పలకడంలా" అన్నాడు. కలం మూత కూడా పెట్టకుండా లేచి వచ్చేశాను.

ఇది చదివేవాళ్లలో ఆమెను ఎరిగినవాళ్లు ఉండరు. ఆమెకు తెలుగు అక్షరాలు రావు. చుట్టూ అరవమే వినబడే ఊరు మాది. మా వీధిలో తెలుగు మాట్లాడేవాళ్లలో చాలామందికి రావు. నాకు వచ్చు. నాకు అక్షరాలు రావడమే ఆమెకు చేటు అయింది.

చిన్నతనంలోనే భర్త పోతే మా ఇంటికి తిరిగి వచ్చింది. నాకు ఊహ తెలిసేసరికే ఆమె వంటింట్లో ఉంది. కానీ ఎండలు ముదిరిన రోజుల్లో మాత్రం తెల్లవారకముందే వంటిల్లు మా అమ్మకు వదిలేసి, చేతిలో చిన్న గంప పట్టుకుని సారం పల్లెకు పోయే దారిన పొలాల్లోకి నడిచేది. రాలిన వేపపూత ఏరుకురావడానికని ఇంట్లో చెప్పేది. అది ఉత్త సాకు. వేపచెట్టు మా వీధి మొదట్లోనే ఉంది. ఆమెకు తిరగాలని ఉండేది, అంతే. నన్ను వెంట తీసుకుపోయేది. నేను పెద్దవాణ్ణై కచేరీలో చేరాక కూడా సెలవు రోజుల్లో ఆ నడక మానలేదు.

ఆమె నడక నడకలా ఉండేది కాదు. నాలుగు అడుగులు వేసి ఆగిపోయేది. కంచె మీద జిల్లేడు పూసినా, తాటిమట్ట సందులో ఏదైనా కదిలినా గంప కింద పెట్టి చూసేది. నేను నోరు తెరిస్తే, "చూసేటప్పుడు మాట్లాడబాక" అనేది. ఆకు తుంచి, నలిపి, నా ముక్కు కింద పెట్టి, "ముందు వాసన పట్టు. పేరు తర్వాత చెప్తా" అనేది. చెప్పేది కూడా. కాలిబాట పక్క మొలిచే ఆకు చెత్తమేని. తీగ మీద కూర్చుని పురుగుల మీదికి దూకే నల్లది రెండు తోకల పిట్ట. బీడు నేలలో రాళ్ల మధ్య గుడ్లు పెట్టి, మనిషి కనబడితే చాలు లేచి తల చుట్టూ తిరుగుతూ గోలపెట్టేది మనిషిచూపు పిట్ట.

ఒకసారి ఆమెను దొరల తోటకు తీసుకుపోయాను. అక్కడ ప్రతి చెట్టుకూ పేరు రాసిన రేకు బిళ్ల వేలాడుతోంది. ఆమె ఒక బిళ్లను వేలితో కదిపి, "ఏందిరా ఇది, చెట్టు మెళ్లో బిళ్ల కట్టినారు? యాడికన్నా తప్పిపోతాదనా?" అంది. ఆ రోజంతా తలుచుకుని తలుచుకుని నవ్వింది.

ఇక నేను చేసిన పని చెప్పాలి. మదరాసు నుంచి ఒక నిఘంటువు తెప్పించుకున్నాను. ఆమె చెప్పిన పేర్లు అందులో వెతికాను. చెత్తమేని లేదు, కుప్పింటాకు ఉంది. రెండు తోకల పిట్ట లేదు, ఏట్రింత ఉంది. మనిషిచూపు పిట్ట ఎంత వెతికినా లేదు, తీతువు ఉంది. కాసేపు ఆలోచిస్తే సంగతి తెలిసిపోయింది. అరవంలో ఆ పిట్టను ఆళ్‌కాట్టి అంటారు. ఆళ్ అంటే మనిషి, కాట్టి అంటే చూపించేది. అన్నీ అంతే, అరవం మాటకు మాట తిప్పినవే.

తెలిసినవాణ్ణి నోరు మూసుకుని ఉండొచ్చుగా. ఆ నెలలోనే నెల్లూరు నుంచి మా అమ్మ తరఫు చుట్టాలు వచ్చారు. మా మాట వింటూ మూతి బిగించి నవ్వుకుంటున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. భోజనాల దగ్గర అత్త వాళ్లకు ఏదో చెబుతూ మనిషిచూపు పిట్ట అంది. వాళ్లు ముఖాలు చూసుకున్నారు. నేను ముందుకు దూకి, "అది తెలుగు కాదులెండి. అత్త అరవానికి తెలుగు చొక్కా తొడిగింది. అసలు మాట తీతువు" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. అత్త కూడా నవ్వింది. మజ్జిగ తెస్తానని లోపలికి పోయింది. మజ్జిగ మా అమ్మ తెచ్చింది.

ఆ తర్వాత కూడా నాతో నడిచింది. ఆగేది, చూసేది, ఆకు నలిపి వాసన చూపించేది. పేరు మాత్రం చెప్పేది కాదు. "అదిగో, అది" అనేది. పోయిన వేసవిలో బీడులో నడుస్తుంటే చటుక్కున నా రొమ్ముకు చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. నా కాలికి జానెడు దూరంలో, గులకరాళ్లలో కలిసిపోయి నాలుగు గుడ్లు. పైన పిట్ట గోలపెడుతోంది. ఎట్లాగైనా ఆమెను పలికించాలని, "అత్తా, ఇది మనిషిచూపు పిట్టే కదా?" అన్నాను.

"తీతువని రాసుండాదంట కదా నాయనా. అట్నే అను" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

క్షమించమని అడగాలనుకున్నాను. పొరపాటు ఒప్పుకోవడానికి కూడా మంచి తెలుగు వెతుక్కునే రకాన్ని నేను. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఏడాది గడిపేశాను.

కర్మలు అయిన రోజు మా నాన్న అరుగు మీద కూర్చుని, ఎవరితోనో అన్నట్టుగా చెప్పాడు. "మా నాయన ఇంట్లో అరవం మాట వినబడితే కంచం ముందర్నించి లేసిపోయేవాడు. మా చెల్లెలికేమో తెలుగులో పేర్లు చెప్పేదానికి అమ్మ లేదు. పక్కింటోళ్ల కాడ అరవంలో నేర్చుకునేది. గడప దాటేలోపల తెలుగు చేసుకొచ్చేది. మా నాయన తినేదాకా ఆ కతలు చెప్తా ఉండేది."

ఆ మాట విన్నాక నాకు ఏడుపు ఆగలేదు. తల్లిలేని పిల్ల తండ్రి అన్నం తినాలని కట్టుకున్న మాటలు అవి. వాటిని నేను చుట్టాల ముందు అపహాస్యం చేశాను. ఆ సాయంత్రమే కాగితం తీసుకుని గుర్తున్నవి రాశాను. సగం పుట కూడా నిండలేదు. మిగతావి ఆమెతోనే పోయాయి. ఏ నిఘంటువులోనూ దొరకవు.

మర్నాడు తెల్లవారుజామున ఒక్కణ్ణే సారం దారిన వెళ్లాను. ఆమె గంప తీసుకెళ్లాను, ఎందుకో తెలియదు. బీడు దగ్గరికి వచ్చేసరికి పిట్ట లేచింది. తల చుట్టూ తిరుగుతూ అరవడం మొదలుపెట్టింది. కాళ్ల కింద చూసుకుని నిలబడిపోయాను. ఆమె కట్టిన పేరు ప్రకారం, మనిషి వచ్చాడు చూడమని అది ఎవరికో చెబుతోంది. బీడులో ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎవరూ లేరు. పిట్ట మాత్రం నన్ను చూపిస్తూనే ఉంది.