మొలతాడు డబ్బాలో సగం గుడ్డు

సగం కొరికిన గుడ్డు ఒక అల్లుడి పరువును, ఒక అవుసలి పేరును, ఒక గుట్ట ప్రయాణాన్ని ఒకే పూటలో మట్టిలో కలపబోయిందంటే మీరు నమ్మరు. ఆ అల్లుణ్ని నేనే కాబట్టి నాకు నమ్మక తప్పదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో, మా పిల్లవాడి పుట్టువెంట్రుకలు యాదగిరిగుట్టలో తీయించాలని మోత్కూరులో అత్తగారింటికి వెళ్లాం. ప్రయాణానికి వారం ముందు నుంచే నీసు బంద్ అని అత్తమ్మ హుకుం. మూడు రోజులు ఓర్చుకున్నాను. నాలుగో రోజు కాళ్లు నిలవక బస్టాండు దగ్గర రెండు ఉడికిన గుడ్లు కొన్నాను. ఒకటి దారిలోనే అయిపోయింది. రెండోది వెనక గదిలో సగం కొరికానో లేదో, అత్తమ్మ దగ్గు వినిపించింది. మిగిలింది చేతికందిన స్టీలు డబ్బాలో పడేసి మూత బిగించాను. అందులో పిల్లవాడికి చేయించిన కొత్త వెండి మొలతాడు ఉందని చూసుకునే తీరిక ఎవరికి?

అత్తమ్మ ఆ గది వదలదు. నీళ్లకని ఒకసారి, ఛార్జరుకని ఒకసారి, ఊరికే నాలుగుసార్లు వెళ్లొచ్చాను.

"గట్ల తిరుగుతున్నవేంది బిడ్డా, కడుపుల బాగలేదా?"

తెల్లవారి ఆమె వాకిలి ఊడవడానికి లేవగానే చీకట్లోనే తడిమి గుడ్డు తీసి గుటుక్కున మింగాను. గంటకే ఆమె డబ్బా తెరిచింది. మొలతాడు కాలిన తీగలా నల్లగా ఉంది. స్వామికి కోపమొచ్చిందని, గుట్ట ప్రయాణం వద్దని ఆమె అంది. మా ఆవిడ ఏడ్చింది. వెండి ఒంటికి చలువ అన్నది తప్ప మరేమీ తెలియని నేను, మొలతాడు చేసిన అవుసలి వెండిలో కల్తీ కలిపాడని తీర్పు చెప్పి అందరినీ అతని కొట్టుకు నడిపించాను.

పాపం, ఆయన అరవలేదు. పళ్లపొడితో రెండు రుద్దులు రుద్దితే మొలతాడు తెల్లగా మెరిసింది. తర్వాత డబ్బా వాసన చూశాడు.

"వెండి అసలుదే చెల్లె. గుడ్డు పక్కన పెడితె ఎంత మంచి వెండైనా గిట్లనే నల్లవడ్తది. గుడ్డెవరు తిన్నరు?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడంటారు. నేను మూతి తుడుచుకున్నాను.

అత్తమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "వెండినైతే పళ్లపొడితోని తోమినం. ఈయిన్నేం పెట్టి తోమాలె అన్నా?"

సిగ్గుతో చచ్చాను. అవుసలికి చేతులు జోడించి తప్పయిందన్నాను. అత్తమ్మ అంతటితో వదల్లేదు. గుట్టలో పిల్లవాడితో పాటు నాకూ గుండు చేయించింది. ఒలిచిన గుడ్ల లాగా ఇద్దరం ఎండలో మెరిశాం.

ఆ స్వామి సాక్షిగా ఒట్టు, ఈ జన్మలో వెండి ఉన్న డబ్బాలో గుడ్డు దాచను. గుట్టకు పోయే వారంలో గుడ్డే తినను అని మాత్రం నేను అనలేదు.