పంటు మీద బియ్యం లారీ

మాకు మండపేటలో ఒకటి, రాజోలు దగ్గర ఒకటి రైస్ మిల్లులున్నాయి. ఏ మిల్లు నుంచి ఏ ఊరి కొట్లకు బియ్యం పంపితే మొత్తం కిరాయి తగ్గుతుందో తేల్చే పని బాబాయి నాకు అప్పజెప్పారు. ఫోన్ మ్యాపులో దూరాలు చూసి, కాలేజీలో నేర్చుకున్న లీనియర్ ప్రోగ్రామింగ్‌తో కంప్యూటర్‌లో లెక్క కట్టాను. మొగల్తూరు కొట్లకు బియ్యం రాజోలు మిల్లు నుంచే పంపాలని తేలింది.

"నువ్వే లారీ ఎక్కి వెళ్లి చూసి రా" అన్నారు బాబాయి.

సఖినేటిపల్లి రేవులో రోడ్డు ఆగిపోయింది. మ్యాపులో నీలం గీత మాత్రం సిగ్గులేకుండా గోదావరి దాటి అవతలి ఒడ్డు నరసాపురంలోకి వెళ్లింది. మా చిన్న లారీని పంటు, అదే బళ్లను ఏరు దాటించే బల్లకట్టు, ఎక్కించారు. నీళ్లు ఎర్రగా సుళ్లు తిరుగుతున్నాయి. నడి ఏట్లో గాలి లేచింది. పంటు ఒరిగినప్పుడల్లా బస్తాలన్నీ నా మీదికే వస్తున్నట్టుంది.

"లారీ దిగిపోండి బాబూ. బండి జారితే తలుపు తీయలేం" అన్నాడు డ్రైవర్. "గోదారమ్మకి రూపాయి వేసి దణ్ణం పెట్టుకోండి."

జేబులన్నీ తడిమాను. ఫోన్ తప్ప ఏమీ లేదు. అతనే ఒక రూపాయి నా చేతిలో పెట్టాడు. కళ్లు మూసుకుని విసిరితే అది నీళ్లలో పడలేదు, పంటు మీదే పడి దొర్లింది. అవతలి ఒడ్డు చేరేదాకా పంటు కమ్మీ వదల్లేదు నేను.

మర్నాడు లెక్కలో ఆ దారి కిరాయి గడి నిండా తొమ్మిదులు కొట్టాను. అంత కిరాయి చూశాక ఇక కంప్యూటర్ ఆ రేవు వైపు కన్నెత్తి చూడదు.

"ఇంత కిరాయి ఎవడిస్తాడ్రా?" అన్నారు బాబాయి.

"నిన్న నడి ఏట్లో ఒడ్డుకు చేరుస్తానని ఎవరైనా అంత అడిగుంటే, నేనే ఇచ్చేసేవాణ్ణి బాబాయ్."