రెండు పిట్టల తేడా

నా చిన్నప్పుడు, అరవైలనాటి మాట, ఒక్క వానకారులో మా ఇంట్లోంచి పోయినవి ఇవి: పాలిచ్చే మేక ఒకటి, అమ్మ వెండి కడియాలు రెండు, నాలుగేళ్ల మా చెల్లెలి చూపు.

మైపాడు దగ్గర సముద్రపు ఒడ్డున మా గుడిసె. పొద్దుగుంకితే చెల్లెలికి కనపడేది కాదు. గోడ తడుముకుంటూ నడిచేది. చీకట్లో చూడగల పిట్ట కళ్లు తినిపిస్తే రేచీకటి పోతుందని ఊళ్లో అందరూ అన్నారు. ఉచ్చులు పన్నే పక్కింటి మామ పెన్న ఇసుకలో పసుపుకళ్ల పిట్టను పట్టి తెచ్చి, బదులుగా మేకను తోలుకుపోయాడు. కళ్లు ఉడికించి పెట్టాం. గుణం కనపడలేదు.

అమ్మ అడిగితే మామ తొణకలేదు.

"అది ఇసకపిట్ట గదక్కా. దానికి వెన్నెల కావాల. తుప్పల్లో దీని చెల్లెలుండాది, అదైతే చిమ్మచీకట్లో చీమను పడతాది."

"ముందే చెప్పకపోతివే."

"ముందే అడగకపోతివే."

కడియాలు పుచ్చుకుని రెండోదాన్ని తెచ్చాడు. చూరులో దాచిన మొదటిదాని తలను పక్కన పెట్టి నాకు ఓపిగ్గా తేడాలు చూపించాడు. ఇసుకదానిది పీతల్ని చితకగొట్టే లావు ముక్కు. తుప్పలదానిది పొట్టి ముక్కు, రొమ్ము నిండా చారలు, ఎండుటాకుల్లో కూర్చుంటే కంటికి ఆనదు. పెద్దయ్యాక రెంటినీ ఎన్నోసార్లు గమనించాను. ఆయన చూపించిన తేడాల్లో ఒక్క తప్పు లేదు. అంత నిజం చెప్పినవాడు మందు విషయంలో అబద్ధమాడతాడని ఎవరికి తోస్తుంది?

రెండోదాని కళ్లు పెట్టినా గుణం లేక, చెల్లెలి కళ్లమీద తెల్లపొర కమ్మాక నెల్లూరు ఆసుపత్రికి ఎత్తుకుపోయాం. నర్సమ్మ కథంతా విన్నది.

"మరి ఆ పిట్టల కారిజం, అదే లివరు, ఏం చేసినారమ్మా?"

"పిల్లికేసినాం," అంది అమ్మ.

నర్సమ్మ చేతిలోని దూది పక్కన పెట్టింది. "కారిజమే మందమ్మా. కోడిదైనా, మేకదైనా, ఏదైనా సరే. మొదట్లోనే పెట్టుంటే చూపు నిలిచేది."

తేడాలు చక్కగా విడమరిచి చెప్పేవాణ్ణి అప్పటినుంచీ నేను నమ్మలేదు.

చెల్లెలు నా దగ్గరే ఉంది. కారిజం వండిన రోజు మొదటి ముక్క దాని కంచంలో వేస్తాను. ఇక ప్రయోజనం లేదని దానికీ తెలుసు, అయినా తింటుంది. ఎన్ని ముక్కలు వేసినా నా లెక్కలో ఏమీ తగ్గదు. మా ఇల్లు దానికి బాకీపడినవి రెండు కారిజాలు.