రెండుసార్లు నీళ్ళైన జెల్

2021, సూరత్. రెండో వేవ్ తగ్గుముఖం పట్టింది కానీ ల్యాబులో ఇంకా రెండేసి మాస్కులతోనే తిరుగుతున్నాం. భేస్తాన్ శివార్లలో ఉన్న ఆ చిన్న టెస్టింగ్ ల్యాబులో నేను అనలిస్టుని. కంపెనీలు తయారుచేసిన క్రీములు, ఆయింట్‌మెంట్లు మా దగ్గరికి వస్తాయి. అవి ఉండాల్సినట్టు ఉన్నాయో లేదో కొలిచి రిపోర్టు ఇస్తాం.

ఆ ఏడు ఒక జెల్ వచ్చింది. ఆడవాళ్ళు లోపల రాసుకుంటే భర్త నుంచి హెచ్‌ఐవీ సోకకుండా అడ్డుకోవాలన్నది దాని ఉద్దేశం. కండోమ్ వాడమని మొగుణ్ణి అడగలేని ఆడవాళ్ళు ఎంతమంది లేరు! అది నిజంగా అడ్డుకుంటుందా లేదా అన్నది తేల్చేది వేరేవాళ్ళు, ఏళ్ళు పట్టే పని. మా వంతు చిక్కదనం. పల్చబడితే రాసిన చోట నిలవదు, కారిపోతుంది. విస్కోమీటర్ అని ఒక యంత్రం ఉంటుంది. దాని కడ్డీని జెల్‌లో తిప్పితే, జెల్ ఎంత బిగువుగా ఉందో అంకె చూపిస్తుంది.

మొదటి బ్యాచ్ ఫెయిల్. రెండోదీ ఫెయిల్. పొద్దున బీకర్‌లో వేసింది మధ్యాహ్నానికి పల్చటి మజ్జిగైపోయేది. మూడోది కూడా పోతే ఈ జెల్ పని ఆపేస్తామని కంపెనీ చెప్పేసింది. దాన్ని తయారుచేసిన అమ్మాయి ఫోన్ చేసి, "మేడం, మా దగ్గర బాగానే ఉంటోంది. మీ దగ్గరే ఎందుకిలా?" అంది. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. "మా మెషిన్ అబద్ధం చెప్పదమ్మా" అని పెట్టేశాను. పెట్టేశాక మాత్రం మనసొప్పలేదు. ఆ పిల్ల మూడేళ్ళు కష్టపడిందట.

మూడో బ్యాచ్ బీకర్‌లో వేసి, ఈసారి దాని ముందు నుంచి కదలకుండా కూర్చున్నాను. గంటలో సంగతి కనబడింది. మధ్యలో జెల్ గట్టిగానే ఉంది. గాజు గోడ వెంబడి మాత్రం నీళ్ళు ఊరుతున్నాయి. కొత్త పెట్టె విప్పి, ఎవరూ ముట్టని బీకర్‌లో అదే జెల్ వేశాను. సాయంత్రం దాకా చెక్కుచెదరలేదు.

మా బీకర్లు కడిగేది రాజవ్వ. కరీంనగర్ వైపు నుంచి పవర్‌లూమ్ పనికి వచ్చిన కుటుంబం వాళ్ళది. పిలిచి అడిగాను.

"రాజవ్వా, ఇవి ఎట్లా కడుగుతున్నావు?"

"మీరు చెప్పినట్టే మేడం. సబ్బు, నల్లా నీళ్ళు, డిస్టిల్ పానీ మూడు సార్లు."

"ఆ తర్వాత?"

ఆమె కొంగు సర్దుకుంది. "తర్వాత జర ఉప్పు నీళ్ళు."

"అన్నిటికీనా?"

"లే మేడం. గా ఎయిడ్స్ డబ్బాలది పోసినయి మాత్రమే. పురుగు చస్తదని. ఇంట్ల మనుమలున్నరు. కరోనాకు ఉప్పు నీళ్ళు పుక్కిలిస్తలేమా, గట్లనే."

నాకు నవ్వాగలేదు. మూడు వారాలుగా గుండెల మీద ఉన్న బరువు దిగిపోయింది మరి. ఆ జెల్‌లో కార్బోమర్ అనే పొడి ఉంటుంది. అది నీళ్ళు తాగి ఉబ్బి చిక్కబడుతుంది, ఉప్పు తగిలితే ఆ నీళ్ళు వదిలేస్తుంది. టేబుల్ మీదున్న శానిటైజర్ కూడా అలాంటి జెల్లే. రాజవ్వ అరచేతిలో అది కాస్త పోసి, క్యాంటీన్ ఉప్పు చిటికెడు చల్లాను. చూస్తుండగానే అది నీళ్ళై వేళ్ళ సందుల్లోంచి కారిపోయింది.

ఆమె మొహం వాడిపోయింది. "అంటే మందు నేనే ఖరాబ్ చేసిననా? నౌకరి పోతదా మేడం?"

"పోదు. ఇందులో పురుగు లేదు రాజవ్వా. ఇది పురుగు రాకుండా ఆడవాళ్ళు రాసుకునేది." జెల్ సంగతంతా చెప్పాను. ఈ పని ముందే చెయ్యాల్సింది.

ఆమె తడి చెయ్యి కొంగుకు తుడుచుకుంది. "అయితే మొగోన్ని అడిగే పని లేదా?"

"లేదు."

"గిది ముందే చెప్తే ఉప్పెందుకు పోస్తుంటి?" అని నా మీదే కసిరి, బీకర్లన్నీ తీసుకుపోయి మళ్ళీ కడిగింది.

మూడో బ్యాచ్ పాసైంది. దాచి ఉంచిన పాత రెండింటి శాంపిళ్ళూ కొలిస్తే అవీ పాస్. నేనే ఫోన్ చేసి, "తప్పు మాదేనమ్మా" అన్నాను. అవతల ఆ పిల్ల నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. మా మేనేజర్ మనీష్ భాయ్ అందరికీ ఖమణ్ తెప్పించాడు, శనగపిండితో ఆవిరి మీద చేసే మెత్తటి ముక్కలు. దూరం దూరంగా నిలబడి, మాస్కులు గడ్డం కిందకి లాక్కుని తిన్నాం. అంత రుచిగా ఎప్పుడూ అనిపించలేదు.

పొరపాటు జరిగితే డీవియేషన్ రిపోర్టు రాయాలి. కారణం దగ్గర "కడిగేవాళ్ళ తప్పు" అని రాయమన్నాడు మనీష్ భాయ్. నేను రాయలేదు. "శాంపిల్‌లో ఏముందో, ఏం లేదో అనలిస్టు కడిగేవాళ్ళకు చెప్పలేదు" అని రాసి సంతకం పెట్టాను. అప్పటి నుంచి కొత్త శాంపిల్ ఏదొచ్చినా దాని సంగతి ముందు రాజవ్వకు చెప్పాకే మూత తీస్తున్నాను.

ఒకరోజు ఆమే అడిగింది. "మా గల్లీల ఆడోళ్ళు అడుగుతున్రు మేడం. గది దుకాణంల ఎప్పుడొస్తది?"

"చాలా ఏళ్ళు పడుతుంది రాజవ్వా. రాకపోవచ్చు కూడా."

"వస్తే వస్తది, లేకుంటే లేదు. మన కాడైతే దాని పని ఆగలేదు గదా" అంది, బీకర్లు బోర్లిస్తూ.